తడిసిందా, చదివిందా?

మనీలాలో ఉన్న రోజుల్లో, ఒక జూలై సాయంత్రం ఆఫీసులో ఉండగా, మా ఫ్లాట్‌లో ఇంటిపని చేసే ఆవిడ నుంచి మెసేజ్ వచ్చింది. "సర్, నబస పొ ఆంగ్ లిబ్రొ న్యొ." అప్పటికి నేను తగలోగ్, అంటే మనీలా వాళ్ళ భాష, మొదలుపెట్టి నాలుగు నెలలు, అంటే ప్రతి వాక్యమూ అర్థమైపోయినట్టే అనిపించే ప్రమాదకరమైన దశ. లిబ్రొ అంటే పుస్తకం, స్పానిష్ వాళ్ళు పోతూ పోతూ వదిలేసిన మాట. న్యొ అంటే మీ. పొ అంటే మన "అండీ" లాంటిది. ఇక నబస, దాని కడుపులో ఉన్నది బస, బస అంటే చదవడం అని రెండో పాఠంలోనే చెప్పారు. సర్, మీ పుస్తకం చదివానండీ! టేబుల్ మీద వదిలేసి వచ్చిన డిటెక్టివ్ నవల ఆవిడ చదివేసిందన్నమాట. నాకు తెగ సంబరమేసి "ఎలా ఉంది?" అని కొట్టాను. వెంటనే జవాబు: "బసంగ్-బస పొ." అదీ అర్థమైపోయింది నాకు. మాట రెండుసార్లు అంటే మరీ ఎక్కువని, మనం ఎర్రెర్రగా, తెల్లతెల్లగా అన్నట్టు. చదివి చదివి అరగదీసింది పాపం.

ఇంటికెళ్ళి చూస్తే కిటికీ తెరిచే ఉంది, టేబుల్ కింద మడుగు. పుస్తకం ఫ్యాన్ ముందు కుర్చీ మీద నిలబెట్టి ఉంది, పేజీల మధ్య న్యూస్‌పేపర్ ముక్కలతో, పూరీలా ఉబ్బిపోయి. ఆవిడ చెప్పింది "మీ పుస్తకం తడిసిందండీ" అని. ఎలా ఉంది అని నేనడిగితే "ముద్దముద్దయిందండీ" అంది. బస అంటే తడి కూడా అన్నమాట.

(ఆవిణ్ణి నేను ఆతె అని పిలిచేవాణ్ణి. ఫోన్లో ఒకసారి అమ్మ విని "ఎవర్రా ఆ అత్త?" అంది. ఆతె అంటే తగలోగ్‌లో అక్క. మన అత్తకీ దానికీ ఏ సంబంధమూ లేదు, చైనాలోని ఫుజియన్ నుంచి వ్యాపారానికొచ్చిన హొక్కియెన్ వాళ్ళ మాట అది. అమ్మ ఇప్పటికీ నమ్మదు.)

పైకి పలికితే ఈ గొడవ రాదు. చదవడం అయితే మొదటి అక్షరం సాగుతుంది, బాస అని. తడి అయితే ఒత్తు చివరికి పోతుంది, పైగా ఆఖర్న గొంతు టక్కున మూసుకుంటుంది, మాట పూర్తికాకముందే ఎవరో వెనకనుంచి నోరు నొక్కినట్టు. రాతలో ఆ తేడా చూపే గుర్తులు ఉన్నాయి గానీ డిక్షనరీల్లో తప్ప ఎవరూ పెట్టరు. ఎదుటివాడికి పని చెప్పేటప్పుడు మాత్రం మాట తనే దారి చూపిస్తుంది. బసహిన్ మొ అంటే చదువు. బసఇన్ మొ అంటే తడుపు. మధ్యలో ఒక్క హ. ఆ హ మింగేస్తే లైబ్రరీకి ఫైరింజన్ వస్తుంది.

ఈ రెండూ ఒక్క తల్లి బిడ్డలు కావు, నాకు సరదా పుట్టింది అక్కడే. తడి అనే బస ఆ నేల మాట. మలేషియా, ఇండోనేషియా వైపు మాట్లాడే మలయ్‌లో బసహ్, జావా పడమటి వైపు మాట్లాడే సుండనీస్‌లో బసెహ్, అన్నీ తడే. ఆస్ట్రోనేషియన్ అనే పెద్ద కుటుంబం ఉంది కదా, దాదాపు 1200 భాషలు, తైవాన్ నుంచి బయల్దేరి అటు మడగాస్కర్, ఇటు హవాయి, ఈస్టర్ ఐలండ్ దాకా పడవల మీద పాకిపోయినవి. కన్నుకి మలయ్‌లో మత, తగలోగ్‌లో మత, న్యూజిలాండ్ మావోరీల్లో మత, హవాయిలో మక, మడగాస్కర్‌లో మసొ. ఇది రక్తసంబంధం. తడి అనే మాటదీ అలాంటి చుట్టరికమే.

చదవడం అనే బస మాత్రం సముద్రం దాటి వచ్చింది. సంస్కృతంలో వాచా, అంటే పలుకు. అది మలయ్‌లోకి వెళ్ళి బాచ అయింది, అర్థం పలకడం నుంచి చదవడానికి జరిగింది, ఎందుకంటే ఆ రోజుల్లో చదవడమంటే పైకి చదవడమే కదా, మా తాతగారు పేపర్ చదివితే వీధి చివరిదాకా వినపడేది. మలయ్ నుంచి అది తగలోగ్‌కి వచ్చింది. తగలోగ్ వాళ్ళ నోటికి అప్పట్లో చ పలకదు, దాన్ని స చేసుకునేవాళ్ళు. కాబట్టి బాచ కాస్తా బాస. ఇది ఒక్క మాటకి జరిగింది కాదు. సంస్కృతం చింతా మలయ్‌లో చింత అయి ప్రేమ అనే అర్థం తెచ్చుకుంది, తగలోగ్‌లో సింత అయి ప్రియురాలో ప్రియుడో అయింది. మనకి చింత అంటే దిగులు. ఒకే మాట పట్టుకుని మనం బెంగపెట్టుకున్నాం, వాళ్ళు ప్రేమించుకున్నారు. ఆలోచిస్తే రెంటికీ పెద్ద తేడా కూడా లేదనుకోండి.

మన బడిలో తెలుగు వాచకం అంటాం చూడండి, ఆ వాచకమూ మనీలా పిల్లాడి బాసా దూరపు చుట్టాలు. పెళ్ళిలో ఎదురుపడితే ఒకరినొకరు గుర్తుపట్టనంత దూరం.

ఇక మూడో బస. ఇదే అసలు గొడవ, ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా ఇదే.

మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో బాబాయ్ ఆ మధ్య ఒక ఫార్వర్డ్ పెట్టాడు. ఇండోనేషియా వాళ్ళ భాష పేరు బహాస, అంటే మన భాష, వాళ్ళ మాటలన్నీ మనవే, వాళ్ళ సంస్కృతి అంతా మన భిక్షే, గర్వించండి, పదిమందికి పంపండి. కింద ఒక పట్టిక. నామ, కథ, దోస, పుత్ర, మనుసియ... ఆ పట్టికలో సగం నిజమే. దోస అంటే అక్కడ పాపం, మన దోషమే, తెలుగువాడు మొదటిసారి చదివినప్పుడు మాత్రం చట్నీ గుర్తొస్తుంది. కానీ అదే పట్టికలో "హరి రాయ" కూడా ఉంది. మలేషియా, సింగపూర్లలో రంజాన్ పండగని హరి రాయ అంటారని, అది శ్రీహరి పేరేనని! హరి అంటే మలయ్‌లో రోజు. రాయ అంటే పెద్ద. పెద్ద రోజు, పండగ రోజు. రెండూ అక్కడ పుట్టిన మాటలు. మన రాయలకీ హరికీ ఎంత సంబంధమో, మా ఆతెకీ అత్తకీ అంతే.

గ్రూపులో చెప్పాను. బాబాయ్ ఊరుకుంటాడా, "మరి భాష సంగతేంటిరా, అది కూడా కాదంటావా?" అన్నాడు. కాదనను. బహాస భాషే. అయితే మొదటి సంగతి, అది ఆ భాష పేరు కాదు. బహాస అంటే ఊరికే భాష అని. బహాస ఇండోనేషియా అంటే ఇండోనేషియా భాష, బహాస జెపాంగ్ అంటే జపనీస్. మన సాఫ్ట్‌వేర్ పిల్లలు జకార్తా వెళ్ళి "బహాస నేర్చుకుంటున్నా" అంటుంటారు, అదెలా ఉంటుందంటే ఎవరో హైదరాబాద్ వచ్చి "నేను భాష నేర్చుకుంటున్నా" అన్నట్టు. ఏ భాష నాయనా?

రెండోది, ఆ మాట అక్కడికెళ్ళి ఏమైందన్నది. మలయ్ నాలుకకి భ రాదు. రానప్పుడు రెండు దార్లున్నాయి. ఒకటి, ఒత్తు వదిలేయడం. రెండోది, ఆ ఒత్తులోని గాలిని విడదీసి ఇంకో అక్షరం చేయడం. మలయ్ వాళ్ళు చాలాచోట్ల రెండో దారి పట్టారు. భాషా బహాస అయింది, భయం బహాయ అయింది, అంటే ప్రమాదం, భాగ్యం బహాగియ అయింది, అంటే సంతోషం. జావా వాళ్ళు ఒత్తు వదిలేశారు, వాళ్ళకి బస. సుండనీస్, బాలి వాళ్ళకీ బసే. మరి మనం? మన పల్లెల్లో భయాన్ని బయ్యం అనడం ఎవరు వినలేదు? భాషని బాస అనుకున్నాం. అంటే ఈ విషయంలో తెలుగువాడూ జావావాడూ ఒకే దారిన పోయారు, ఒకరికొకరు చెప్పుకోకుండానే.

బాబాయ్‌తో నా వాదన ఇక్కడే మొదలవుతుంది. తొమ్మిదో తరగతిలో ప్రకృతి, వికృతి అని బట్టీ పట్టాం కదా. ముఖం మొగం, రాత్రి రాతిరి, విద్య విద్దె, భాష బాస. పరీక్షలో ఒక్కోటి అర మార్కు. (నోట్లో నలిగి తియ్యనైన మాటలకి వికృతి అని పేరెవరు పెట్టారోగానీ, నాకు చిన్నప్పట్నుంచీ కోపమే. రాత్రి కంటే రాతిరి ఎందులో వికారం?) ఆ పట్టిక ఏం చెప్తోంది? మనమూ తెచ్చుకున్నవాళ్ళమే అని. తెలుగు ద్రావిడ భాష, బాస మన ఇంటికి కూడా బయటనుంచే వచ్చింది. మనం తెచ్చుకుంటే అది మన అచ్చమైన బాస, వాళ్ళు తెచ్చుకుంటే మన భిక్ష, ఇదేం లెక్క? ఇచ్చినవాడి తరఫున మనకి వసూలు హక్కు ఎవరు రాసిచ్చారు? ఒకే షాపులో ఇద్దరం సరుకు తెచ్చుకుని, పక్కింటివాడి బీరువా మీద నేను నా పేరు రాసుకున్నట్టుంది.

ప్రభావం చిన్నదేం కాదు, అది ఒప్పుకోవాలి. 1989లో ఫిలిప్పీన్స్‌లోని లగూనా ప్రాంతంలో, నదిలో ఇసుక తోడుతుంటే ఒక రాగిరేకు దొరికింది. అడుగు పొడవు కూడా లేదు, పది వరుసల రాత. చివరికి మనీలా నేషనల్ మ్యూజియంకి చేరింది. ఆంటూన్ పోస్ట్మా అనే డచ్ పండితుడు చదివి అర్థం చెప్పాడు. దాని మొదటి వరుస ఏంటో తెలుసా? స్వస్తి, శక వర్షాతీత 822, వైశాఖ మాస, చతుర్థి, కృష్ణపక్ష, సోమవార. క్రీస్తుశకం 900. మన గుళ్ళో శాసనం ముందు నిలబడ్డట్టే ఉంటుంది, ఒళ్ళు జలదరిస్తుంది కూడా, అబద్ధమెందుకు. కానీ ఆ మొదటి వరుస దాటి ముందుకెళ్ళండి. భాష పాత మలయ్, లిపి జావా వైపుది, సంగతేమో నమ్వరన్ అనే ఆయన కుటుంబం బంగారం బాకీ, ఒక కాటి ఎనిమిది సువర్ణాలు (అప్పటి తూకాలు), పూర్తిగా మాఫీ అయిందన్న పత్రం. అప్పు వాళ్ళది, రద్దు చేసిన దొర వాళ్ళవాడు, అందులో చెప్పిన ఊళ్ళు వాళ్ళవి. తేదీ మాత్రం ఆనాడు దస్తావేజుల్లో ఎలా వేస్తారో అలా వేశారు, ఇవాళ మనం రిజిస్ట్రేషన్ కాగితం మీద ఇంగ్లీషు నెల వేసినట్టు. దాన్నిబట్టి మన పొలం లండన్‌వాళ్ళది అయిపోదు కదా.

దానికంటే పాతది, సుమత్రాలో పాలెంబాంగ్ దగ్గర దొరికిన కెడుకన్ బుకిత్ రాయి, 683 నాటిది. అందులోనూ శక వర్షాతీత ఉంది, ఏకాదశి ఉంది, శుక్లపక్షం ఉంది. కానీ మాసం అనాల్సిన చోట వులన్ అన్నారు, వాళ్ళ మాటలో చందమామ, నెల రెండూ అదే. ఇప్పటి మలయ్‌లో బులన్. నాయకుడు పడవెక్కాడు అని చెప్పిన మాటలూ వాళ్ళవే, అప్పుడు నాయిక్, ఇప్పటికీ నాయిక్, జకార్తాలో బస్సెక్కినా అదే మాట. పంచాంగం అరువు, నెలా పడవా సొంతం.

భాష అనే మాటతో వాళ్ళు తర్వాత ఏం చేశారో అది నాకు ఇంకా ఇష్టం. జావాలోని యోగ్యకర్తా నుంచి వచ్చిన కొలీగ్ ఒకతను ఉండేవాడు మాకు. ఒకరోజు భోజనాల దగ్గర అన్నాడు, "మా అత్తగారితో నేను ఎక్కువ మాట్లాడను, నాకు బోసో సరిగా రాదు" అని. జావనీస్‌లో బస అని రాస్తారు, బోసో అని పలుకుతారు. నేను అడిగాను, ఆవిడది వేరే భాషా? కాదు, ఇద్దరిదీ జావనీసే. బోసో అంటే భాష అనే కాదు, పెద్దవాళ్ళతో మాట్లాడాల్సిన మర్యాద భాష అని కూడా. తినడం అనే ఒక్క పనికే స్నేహితుడితో మంగన్, అత్తగారి ముందు నా తిండి గురించి నేను చెప్పుకుంటే నెఢ, ఆవిడ తినడం గురించి చెప్తే ఢహర్. మాట మొత్తం మారిపోతుంది. మనం తిన్నావా, తిన్నారా అని తోక మార్చి గట్టెక్కేస్తాం, మరీ అయితే భోంచేశారా అంటాం. అతను మాత్రం అత్తగారికి అన్నం వడ్డించేముందు లోపల ఒక రిహార్సల్ వేసుకోవాలి. టెన్షన్‌తో నెఢ అనాల్సిన చోట ఢహర్ అనేస్తే తనకి తనే దండం పెట్టుకున్నట్టు. ఒకసారి అలాగే అనేశాడట. ఆవిడ ఏమీ అనలేదట, చిన్నగా నవ్విందట. అప్పట్నుంచి మరీ తగ్గించేశాడు.

మలయ్‌లోనూ ఆ వాసన ఉంది. బుది బహాస అంటే సంస్కారం, మర్యాద. విడదీస్తే బుద్ధి, భాష. మర్యాద లేనివాణ్ణి "భాష తెలియనివాడు" అంటారు, మనం బుద్ధి లేనివాడు అన్నట్టు. ఇండోనేషియాలో బస-బసి అని ఇంకోటుంది, ఊరికే మర్యాదకి అడిగే కుశలప్రశ్నలు, ఎక్కడికి బయల్దేరారు, తిన్నారా, అవన్నీ. బసి అని విడిగా అంటే పాచిపోయినది అని అర్థం. పలకరింపులకి అంత చక్కగా కుదిరిన పేరు నేనింకెక్కడా చూడలేదు.

మనం ఏం చేశామో కూడా చెప్పుకోవాలి కదా. తెలుగులో బాస అంటే భాష, దాంతోపాటు ప్రమాణం. బాస చేశాడు, బాస తప్పాడు. పలుకు అన్నదాన్నే ఇచ్చిన మాట చేసేశాం, మాట ఇవ్వడం, మాట తప్పడం లాగే. ఈ అర్థం బహాసకి లేదు. అయినా చరిత్రలో ఒకసారి రెండూ కలిశాయి, తెలుగు తెలిసినవాడికి మాత్రమే కనపడేలా. 1928 అక్టోబర్ 28న బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, డచ్చివాళ్ళ పాలన కింద ఉన్న కుర్రాళ్ళు సమావేశమై ఒక ప్రతిజ్ఞ చేశారు. ఒకే దేశం, ఒకే జాతి అన్నాక మూడో మాటగా, ఇండోనేషియా పుత్రులం, పుత్రికలం, ఐక్యతా భాష అయిన బహాస ఇండోనేషియాని మెన్‌జున్‌జుంగ్ చేస్తాం అన్నారు. ఆ క్రియకి అసలర్థం నెత్తిన పెట్టుకుని మోయడం. పుత్ర, పుత్రి అని మనకి తెలిసిన మాటలే వాడారు, మోయడం మాత్రం వాళ్ళ మాటలో మోశారు. అప్పట్లో అక్కడ అందరికంటే ఎక్కువమంది మాట్లాడేది జావనీస్, అయినా రేవుల్లో, సంతల్లో అందరికీ పనికొచ్చే మలయ్‌ని ఎంచుకుని, దానికి దేశం పేరు పెట్టుకున్నారు. భాష గురించి చేసిన బాస అది. ఇంత చేసుకున్నాక ఆ మాట ఎవరిదంటే ఏం చెప్తాం?

ఇదంతా గ్రూపులో ఇంత పొడుగ్గా పెట్టలేదు లెండి. పెట్టినంతకే బాబాయ్ బొటనవేలు బొమ్మ ఒకటి పంపి, మర్నాడు పొద్దున్న కొత్త ఫార్వర్డ్ వేశాడు.

నాలుగో బస గురించి చెప్పలేదు. అది నాకు బాలిలో తగిలింది. ఉబుద్ సంతలో మసాలాలమ్మే ఒక పెద్దావిడ దగ్గర నిలబడి, నాకున్న కాస్త ఇండోనేషియన్‌లో, "బస బాలి నేర్చుకోవాలనుంది" అన్నాను, బాలి భాష అనే ఉద్దేశంతో. ఆవిడ పక్కావిడ వైపు చూసి నవ్వి, రోట్లో ఉన్న పసుప్పచ్చటి ముద్ద చూపించింది. బాలిలో బస అంటే మసాలా ముద్ద కూడా. బస గెనెప్, అంటే అన్నీ కుదిరిన మసాలా. చిన్నుల్లి, వెల్లుల్లి, అల్లం, పసుపు కొమ్ము, దుంపరాష్ట్రం, ధనియాలు, మిరియాలు, మిరపకాయలు, పైన రొయ్యలు పులియబెట్టి చేసిన తెరాసి. కూరకైనా, బాతు మాంసానికైనా అదే మొదలు. అదే అక్షరాలు, చివరి ఆ మాత్రం నోట్లోనే అణిగిపోతుంది.

ఒక ప్యాకెట్ కొనుక్కుని, మూడు కవర్లు చుట్టి, సూట్‌కేస్‌లో బట్టల మధ్య పెట్టుకుని కాకినాడ దాకా తెచ్చాను. అమ్మ కత్తెరతో మూల కోసి, ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్క క్షణం ఆగింది.

"ఓస్, ఇది మన రొయ్యపొట్టేగా!" అంది.

నేనేం వాదించలేదు. ఆ రాత్రి వంకాయలో వేసింది.